నీడ పొట్టిబడే వేళ

(మార్చి 10న శ్రీకాకుళంలో గర్భిణులు, ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్ల సమావేశంలో ఒక స్త్రీల వైద్యురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసలో ఉన్న తల్లులు తొమ్మిదిన్నరకి గ్లూకోజు నీళ్ళు తాగారు. ఇప్పుడు పదకొండయింది. పదకొండున్నరకి సిస్టర్ వచ్చి రక్తం తీస్తుంది. అంటే నాకు దొరికింది అరగంట. తాగిన అరగంటలోపు వాంతి అయితే పరీక్ష ఇంకోరోజుకి పెట్టుకోవాలి, ఆ గండం మీరు దాటేశారు. వెనక వరసల్లో ఆశా అమ్మాయిలు, ఏఎన్ఎంలు, అంగన్‌వాడీ టీచర్లు ఉన్నారు. గోడవార అత్తగార్లున్నారు. ఈరోజు నేను ముఖ్యంగా మాట్లాడాల్సింది వాళ్ళతోనే. (నవ్వులు)

మార్చి 10 గర్భంలో వచ్చే షుగర్ గురించి దేశమంతా చెప్పుకునే రోజు. చెన్నై డాక్టర్ వి. శేషయ్య గారి పుట్టినరోజు ఇది. పరగడుపున రానక్కర్లేదు, టిఫిన్ తిని వచ్చినా ఫర్వాలేదు, 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటలకి ఒక్కసారి రక్తం తీస్తే చాలు, 140 గానీ ఆపైన గానీ వస్తే షుగరే అని లెక్క. ఈ తేలిక పద్ధతి మన దేశంలో నిలబడిందంటే ఆయన పట్టుదలే పెద్ద కారణం. బస్సు మారి వచ్చే చూలాలిని మధ్యాహ్నం దాకా పస్తు పెట్టకుండా ఈ పరీక్ష చేస్తున్నామంటే ఆయనకొక దండం పెట్టాలి.

మన ఊరికి ఈ రోజుల్లో ఇంకో విశేషం కూడా ఉంది. ఏటా మార్చి రెండో వారంలో, మళ్ళీ అక్టోబరు మొదట్లో, తెల్లవారగానే సూర్యకిరణాలు అరసవల్లి స్వామి పాదాలను తాకుతాయి. పొద్దున్న గేటు దగ్గర ఒక పెద్దావిడ కోడల్ని వెంటబెట్టుకుని ఆపింది. "డాట్రమ్మా, లేతెండ మంచిది కదా, దీనికి రోజూ ఆరున్నరకే మేడ మీద తిప్పుతన్నాను, డి వస్తాది కదా" అంది. ఆవిడ ప్రేమ చూస్తే కాదనబుద్ధి కాలేదు. కానీ ఆ వేళకి డి విటమిన్ రాదమ్మా. స్వామి పాదాల మీద పడే కిరణం దండం పెట్టుకోవడానికి. ఎముకకి కావలసిన కిరణం వేరు, అది అంత పొద్దున్నే కిందికి దిగదు. ఆ సంగతికి మళ్ళీ వస్తాను. ముందు ఒకామె కథ చెప్పాలి.

ఆమెది పలాస వైపు. జీడిపిక్కల బట్టీలో పని. జీడి చమురుకి వేళ్ళు నల్లబడిపోయి ఉంటాయి, చూడగానే తెలిసిపోతుంది. పొద్దున్న చీకటితో లోపలికి వెళ్తే సాయంత్రం బయటికి. రెండో కాన్పు. ఆరో నెల దాటాక ఇదే పరీక్షలో 158 వచ్చింది. తిండి ఎలా మార్చుకోవాలో చెప్పాం, రెండు వారాల్లో రమ్మన్నాం. వచ్చింది. తిన్నాక రెండు గంటలకి చూస్తే 112. 120 లోపు ఉండాలి కాబట్టి మా కాగితం ప్రకారం భేష్. "తొడలు లాగేస్తన్నాయమ్మా" అంది. నడక చూశాను, అటూ ఇటూ ఊగుతోంది. నెలలు పెరుగుతున్నాయి కదా అనుకున్నాను. పంపేశాను. ఆ తప్పు నాదే.

నెల తర్వాత మళ్ళీ వచ్చింది. బరువు పెరగలేదు సరికదా అరకిలో తగ్గింది. బల్ల మీంచి దిగి, కింద పడిన చెప్పు తీసుకోవడానికి గొంతుకు కూర్చుంది. లేవలేకపోయింది. రెండు చేతులూ తొడల మీద ఆన్చి, ఒక్కో చేతినీ పైకి పాకిస్తూ, చివరికి గోడ పట్టుకుని లేచింది. "రోజూ ఇలాగే లేస్తున్నావా?" అంటే, "రెండు నెలల్నుంచి ఇంతే, సెప్పితే కడుపుతో ఉన్నాక మామూలేనన్నారు" అంది. ఎవరన్నారని నేను అడగలేదు.

అప్పుడు కూర్చోబెట్టి ఏం తింటోందో అడిగాను. షుగర్ అనగానే ఇంట్లో వాళ్ళు పాలు మాన్పించేశారు. "పాలు తీపి కదమ్మా, అందుకే మానీసినాను." మజ్జిగ జలుబు చేస్తుందని లేదు. చేప తింటే బిడ్డకి గజ్జి పుడుతుందని లేదు. చోడంబలి, అదే రాగి అంబలి, అన్నం లాంటిదేగా అని అదీ లేదు. రెండు పూటలా రెండేసి చపాతీలు, వంకాయ కూర. మనం గోధుమకి ఈమధ్య గుడి కట్టేశాం, చపాతీలో చక్కెర లేదన్నట్టు. సర్కారు ఇచ్చిన కాల్షియం బిల్లలు ఏవీ అంటే, బియ్యం డబ్బాలో భద్రంగా ఉన్నాయట. వేసుకుంటే పిల్ల తల గట్టిపడి పురుడు కష్టమవుతుందని ఎవరో చెప్పారట. డి విటమిన్ చూపిస్తే 9 వచ్చింది. 20 దాటి ఉండాల్సిన చోట తొమ్మిది.

చూశారా, షుగర్ అంకె బాగుంది. మనిషి కుంగిపోతోంది. మేం ఇద్దరం కలిసి ఒకే అంకెని చూస్తూ కూర్చున్నాం. ఇవాళ నేను చెప్పదలుచుకున్నది అదే. షుగర్ కాగితం పక్కన ఎముక లెక్క కూడా రాయాలి.

ఎముక లెక్క ఏమిటంటే, నెలలు నిండిన బిడ్డ ఒంట్లో సుమారు 30 గ్రాముల కాల్షియం ఉంటుంది. అందులో ఎనభై శాతం ఆఖరి మూడు నెలల్లోనే చేరుతుంది. చివరి వారాల్లో రోజుకి 250, 300 మిల్లీగ్రాములు బొడ్డుతాడు గుండా వెళ్ళిపోతుంది. దేవుడు తెలివైనవాడు, కడుపుతో ఉన్నప్పుడు తల్లి పేగు తిన్న కాల్షియాన్ని మామూలుకి రెట్టింపు పీల్చుకుంటుంది. అందుకే చాలామంది ఏ ఇబ్బందీ లేకుండా గట్టెక్కుతారు. కానీ పేగు పీల్చాలంటే ముందు పళ్ళెంలో ఉండాలి. పీల్చుకోవడానికి డి కూడా ఉండాలి. ఈ రెండూ లేకపోతే బిడ్డ ఊరుకోదు, తల్లి ఎముకలోంచి తీసుకుంటుంది. ఇంట్లో బియ్యం నిండుకుంటే విత్తనాల గాదె మీద చెయ్యి వేసినట్టు.

షుగర్ వచ్చిన తల్లికి ఇంకో చిల్లు కూడా పడుతుంది. రక్తంలో చక్కెర పెరిగితే మూత్రం ఎక్కువవుతుంది. ఆ నీళ్ళతో పాటు కాల్షియం, మెగ్నీషియం కూడా కొట్టుకుపోతాయి. కాబట్టి షుగర్ అదుపులో పెట్టడమే ఎముకకి చేసే మొదటి ఉపకారం, అందులో సందేహం లేదు. అదుపు పేరుతో పాలూ చేపా మాన్పించడమే నా గొడవ.

బీపీ సంగతి కూడా ఇందులోనే ఉంది. గర్భంలో షుగర్ ఉన్నవాళ్ళకి బీపీ పెరిగి ఫిట్స్ వచ్చే గుర్రపువాతం దాకా వెళ్ళే ప్రమాదం మామూలు వాళ్ళకంటే ఎక్కువ. తిండిలో కాల్షియం తక్కువగా ఉన్న ప్రాంతాల్లో కాల్షియం బిల్లలు ఇస్తే ఆ ప్రమాదం తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్తోంది. బియ్యం డబ్బాలో ఉన్నది ఎముకల మందు మాత్రమే కాదు.

ఇక పిల్ల తల గట్టిపడటం. తల్లి కాల్షియం మింగినంత మాత్రాన బిడ్డ తలకి సిమెంటు పోసినట్టు అవదు. షుగర్ తల్లికి బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందంటే దానికి కారణం తల్లి రక్తంలో ఎక్కువైన చక్కెర. పాపం కాల్షియం మీద ఆ నింద ఎప్పుడు పడిందో గానీ, మూడు మండలాల్లో ఒకే మాట విన్నాను.

బిల్లలు ఎలా వేసుకోవాలో చెప్తాను, ఆశా అమ్మాయిలు ఇది కాస్త రాసుకోండి. పద్నాలుగో వారం నుంచి, కాన్పయ్యాక ఆరు నెలల వరకు, రోజుకి రెండు. ఒక్కోదాంట్లో 500 మిల్లీగ్రాముల కాల్షియం, 250 యూనిట్ల డి. రెండూ ఒకేసారి మింగితే పేగు అంతా పీల్చుకోలేదు, అందుకే పొద్దున్న టిఫిన్ తర్వాత ఒకటి, మధ్యాహ్నం భోజనం తర్వాత ఒకటి. ఎర్ర బిల్ల, అదే ఐరన్, రాత్రికి ఉంచుకోండి. ఐరన్, కాల్షియం ఒకే గుటకలో వేసుకుంటే ఒకదాన్నొకటి పోనివ్వవు, కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి. థైరాయిడ్ బిల్ల వేసుకునేవాళ్ళయితే కాల్షియానికి నాలుగు గంటలు దూరం. మా అమ్మాయిల్లో సగం మంది మూడూ అరచేతిలో పోసుకుని టీతో మింగేస్తారు. ఖర్చు సర్కారుది, శ్రమ సిస్టర్‌ది, ఫలం మురుగుకాలవది. (నవ్వులు)

ఇప్పుడు తిండి. షుగర్ తల్లి పాలు తాగొచ్చా? తాగాలి. పంచదార, బెల్లం, హార్లిక్సులూ లేకుండా. 200 మిల్లీలీటర్ల గ్లాసులో 240 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, అందులో పాలల్లో సహజంగా ఉండే చక్కెర పది గ్రాములే. పెరుగు తిన్నా సరే. రోజుకి కావలసింది వెయ్యి మిల్లీగ్రాములు. రెండు గ్లాసుల పాలో, ఒక గ్లాసు పాలు ఒక కప్పు పెరుగో అయితే సగం దారి వచ్చేసినట్టే.

చోడి గురించి రెండు వైపులా మాట్లాడాలి. వంద గ్రాముల చోడిపిండిలో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, ఏ బియ్యానికీ గోధుమకీ అంత లేదు. అయితే చోడి షుగర్‌కి మందని ఊరంతా తిరిగే మాట ఒకటుంది, అది నమ్మకండి. చోడి కూడా పిండే. మెత్తగా మర బట్టించి పల్చగా జావ కాచి గ్లాసుడు గటగటా తాగితే షుగర్ చురుగ్గానే ఎక్కుతుంది. ఒక గుప్పెడు పిండి, ముప్పై గ్రాములు, రొట్టెగా చేసుకుని పక్కన పప్పో మునగాకు కూరో పెట్టుకుంటే వంద మిల్లీగ్రాముల పైన కాల్షియం దక్కుతుంది, షుగరూ నెమ్మదిగా నడుస్తుంది. ఆ పూట అన్నం ఆ మేరకి తగ్గించాలి, పైన కలపకూడదు. అంబలి లేకపోతే ప్రాణం పోతుందనే వాళ్ళు పులియబెట్టిన అంబలి చిన్న గిన్నెడు, మజ్జిగ కలుపుకుని, తిన్నాక రెండు గంటలకి ఒకసారి షుగర్ చూపించుకోండి. మీ ఒంటికి పడుతుందో లేదో ఆ చుక్క రక్తమే చెప్తుంది, నాకంటే బాగా.

మెత్తళ్ళు! మన భావనపాడు, కళింగపట్నం తీరాల్లో చవగ్గా దొరికే చేప, ముల్లుతో సహా నమిలేస్తాం. ఆ ముల్లే కాల్షియం. కవ్వళ్ళలాంటి నూనె చేపల్లో కాస్త డి కూడా ఉంటుంది. బిడ్డకి గజ్జి రాదు, ఆ పూచీ నాది. ఎండు మెత్తళ్ళయితే ఉప్పు పోయేదాకా రెండు మూడు నీళ్ళు కడగండి, బీపీ ఉంటే పచ్చివే తినండి. గుడ్డు పచ్చసొన పారేయకండి, ఉన్న కాస్త డి అందులోనే ఉంది.

అంగన్‌వాడీ టీచర్లకి ఒక మాట. మీరిచ్చే సరుకుల్లో పాలు, గుడ్లు, రాగిపిండి షుగర్ తల్లికి బంగారం. బెల్లం, చిక్కీ, ఎండు ఖర్జూరం మాత్రం ఇంట్లో మిగతా పిల్లలకి పెట్టమని చెప్పండి. బెల్లంలో ఐరన్ ఉంది కదా మేడమ్ అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. ఆ పిసరు ఐరన్ కోసం అంత చక్కెర మింగక్కర్లేదు, ఎర్ర బిల్ల ఉంది.

సరే, ఇక ఎండ. చర్మం కింద ఒక రకం కొలెస్టరాల్ ఉంటుంది. ఎండలో అతినీలలోహిత బి కిరణం దాన్ని తాకితే డి తయారవడం మొదలవుతుంది. తర్వాత కాలేయం ఒక చెయ్యి వేస్తుంది, కిడ్నీ ఇంకో చెయ్యి వేస్తుంది, అప్పుడు గానీ పనికొచ్చే డి అవదు. ఆ కిరణం గాలిలో ఏటవాలుగా చాలా దూరం ప్రయాణిస్తే మధ్యలోనే ఇంకిపోతుంది. పొద్దున్నే సూర్యుడు సముద్రం మీద ఉన్నప్పుడు వెలుగొస్తుంది, వెచ్చదనం వస్తుంది, ఆ కిరణం మాత్రం రాదు. తిరుపతిలో డాక్టర్ హరినారాయణ్ గారి బృందం ఇదే చూసింది. చర్మంలో ఉండే ఆ ముడిసరుకునే ఆంపూల్స్‌లో పోసి గంట గంటకీ ఎండలో పెట్టి ఎంత మారిందో కొలిచారు. 11 నుంచి 2 మధ్యే ఎక్కువ మారింది. అది మన తెలుగు ఎండ లెక్క, అమెరికా పుస్తకంలోది కాదు.

గడియారం అక్కర్లేని కొలత ఒకటి చెప్తాను. మీ నీడ మీకంటే పొట్టిగా ఉన్నప్పుడు నిలబడండి. నీడ మీకంటే పొడుగ్గా ఉంటే అది దేవుడి ఎండ, పొట్టిగా ఉంటే ఎముకల ఎండ. మన శ్రీకాకుళంలో ఈ మార్చిలో తొమ్మిదిన్నరకే నీడ పొట్టిబడుతుంది. మే నెలలో ఇంకా ముందే, తొమ్మిది లోపే, కాబట్టి వడగాడ్పులో మిట్టమధ్యాహ్నం నిలబడి ప్రాణం మీదికి తెచ్చుకోనక్కర్లేదు. డిసెంబరులో మాత్రం పదకొండు దగ్గరపడితే గానీ పొట్టిబడదు. తల మీద కొంగు కప్పుకోండి, చేతులు, పాదాలు, పిక్కలు ఎండకి వదలండి. ఇరవై నిమిషాల నుంచి అరగంట, వారానికి మూడు నాలుగు రోజులు. మన చామన ఛాయకి తెల్లవాళ్ళు చెప్పే పది నిమిషాలు చాలవు. కిటికీ అద్దం వెనక కూర్చుంటే లెక్కలోకి రాదు, అద్దం ఆ కిరణాన్ని ఆపేస్తుంది.

ఊడుపులకి వెళ్ళే తల్లులకి ఈ పాఠం అక్కర్లేదు. నాకు బెంగ జీడిపిక్కల బట్టీలో, పొందూరులో రాట్నం ముందు, కుట్టుమిషన్ దగ్గర, బట్టల షాపుల్లో రోజంతా నీడలో ఉండే వాళ్ళ గురించి. ఇంత ఎండ ఉన్న దేశంలో లక్నోలో 2005లో వచ్చిన అధ్యయనం గర్భిణుల్లో 84 శాతం మందికి డి తక్కువని తేల్చింది. ఎండ ఊళ్ళో ఉంటే సరిపోదు, ఒంటి మీద పడాలి.

ఇప్పుడు మందుల షాపు సంగతి. డి వేసుకుంటే షుగర్ తగ్గిపోతుందని ఫోన్లలో వీడియోలు తిరుగుతున్నాయి. డి తక్కువున్న గర్భిణుల్లో షుగర్ ఎక్కువగా కనిపిస్తుందన్నది నిజమే. ఇన్సులిన్ తయారుచేసే కణాల్లో డి వచ్చి కూర్చునే పీటలు ఉన్నాయన్నదీ నిజమే. అయితే డి ఇచ్చి చూసిన పరీక్షలు ఒక్కమాట చెప్పడం లేదు, కొన్నింటిలో కాస్త మేలు, కొన్నింటిలో ఏమీ లేదు. ఒళ్ళు ఎక్కువున్న వాళ్ళలో డి కొవ్వులో చిక్కుకుని రక్తంలో తక్కువ కనిపిస్తుంది, అదే ఒళ్ళు షుగర్‌నీ తెస్తుంది. ఏది కారణమో ఏది తోడుగా వచ్చిందో విడదీయడం అంత తేలిక కాదు. నా మాట అడిగితే, డి ఎముక కోసం వేసుకోండి. షుగర్‌కి తిండి, నడక, వాటితో అదుపు కాకపోతే మెట్‌ఫార్మిన్, ఇన్సులిన్. డి బిల్ల ఉంది కదా అని ఇన్సులిన్ సూది మానేస్తే నాకు కోపం వస్తుంది.

అందరికీ డి పరీక్ష రాయడం కూడా నాకిష్టం లేదు, అది ఖరీదైన పరీక్ష. గొంతుకు కూర్చుని లేవలేని వాళ్ళకి, తొడలు, నడుము, పక్కటెముకలు నొప్పెట్టే వాళ్ళకి, మూర్ఛ మందులు వాడే వాళ్ళకి, అసలు ఎండే తగలని వాళ్ళకి చేయించాలి. ఆశా అమ్మాయిలూ, మీ చేతిలో పైసా ఖర్చు లేని పరీక్ష ఉంది. ఇంటికెళ్ళినప్పుడు "ఓసారి కింద కూర్చుని లెగమ్మా" అనండి. దేన్ని పట్టుకుని లేస్తోందో చూడండి.

60,000 యూనిట్ల పొడి పొట్లాం ఉంటుంది కదా, పాలల్లో కలుపుకునేది. అది వారానికి ఒకటి, అదీ లోటు తేలాక డాక్టరు రాస్తేనే, చెప్పినన్ని వారాలే. ఒకామె దాన్ని రోజూ వేసుకుంది, నెలన్నర పాటు. విపరీతమైన దాహం, గంటగంటకీ మూత్రం, వాంతులు, మలబద్ధకం. ఇంట్లో వాళ్ళు షుగర్ పెరిగిందనుకుని అన్నం ఇంకా తగ్గించారు. షుగర్ చూస్తే మామూలుగానే ఉంది. కాల్షియం చూస్తే చుక్కల్లో ఉంది. రెండు జబ్బులదీ ఒకే మొహం, అందుకే పొట్లాలు లెక్కపెట్టమంటాను.

ఉద్దానం వాళ్ళు ఎవరైనా ఉన్నారా? కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు? చేతులెత్తండి... ఆరుగురు. మీ వైపు కిడ్నీ జబ్బు ఎక్కువ, అందుకే మీకు వేరే జాగ్రత్త. డి ఆఖరి మెరుగు దిద్దుకునేది కిడ్నీలో అని చెప్పాను కదా. కిడ్నీ దెబ్బతింటే మామూలు డి ఎంత వేసినా పని పూర్తి కాదు, కాల్షియం ఎంత ఇవ్వాలన్న లెక్కా మారిపోతుంది. మీ ఇంట్లో ఎవరికి కిడ్నీ జబ్బు ఉన్నా లేకపోయినా, షుగర్‌తో పాటు కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ పరీక్ష కూడా చేయించుకుని ఆ కాగితం మాకు చూపించాకే డి మొదలుపెట్టండి.

బిడ్డ పుట్టాక షుగర్ తల్లి బిడ్డని మేం మొదటి గంటల్లో చక్కెర పడిపోతుందేమోనని చూస్తాం, తర్వాత రెండు మూడు రోజులు కాల్షియం పడిపోతుందేమోనని చూస్తాం. చేతులు కాళ్ళు వణికితే "చలేస్తోంది" అని గుడ్డ కప్పి ఊరుకోకండి, సిస్టర్‌ని పిలవండి. తల్లిపాలలో అన్నీ ఉంటాయి, డి మాత్రం చాలా తక్కువ. అందుకే బిడ్డకి రోజుకి 400 యూనిట్ల డి చుక్కలు ఏడాది పాటు. ఆరో వారానికి తల్లికి మళ్ళీ గ్లూకోజు పరీక్ష.

(సభలోంచి ఒక ప్రశ్న: "బాలింతని ఎండలోకి తెస్తే గాలి సోకదా అమ్మా?")

రండి, ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను. చెవుల్లో దూది పెట్టుకోనివ్వండి, తలకి గుడ్డ కట్టుకోనివ్వండి, నాకు అభ్యంతరం లేదు. కాళ్ళూ చేతులూ బయట పెట్టి పెరట్లో కూర్చోనివ్వండి. పాలిచ్చే నెలల్లో తల్లి ఎముక బరువు కొంత తగ్గుతుంది, పాలు మాన్పించాక మళ్ళీ చాలావరకు పూడుకుంటుంది. ఆ పూడ్చే సరుకు మీరు పెట్టే పథ్యంలో ఉండాలి. కారప్పొడి అన్నంతో అది పూడదు.

("ఆ పలాస అమ్మాయి ఏమయిందండీ?")

బాగుంది. కాల్షియం డబ్బాలోంచి కడుపులోకి వచ్చింది. వారానికో డి పొట్లాం లెక్కపెట్టి ఇచ్చాం. రాత్రి చపాతీ ఒకటి తీసేసి పాలు, గుడ్డు పెట్టాం, షుగర్ కదల్లేదు. ఐదు వారాలకి మా మెట్లు పట్టుకోకుండా ఎక్కింది. మామూలు కాన్పు, రెండు కిలోల తొమ్మిది వందలు, ఆడపిల్ల. మొన్న చుక్కల సీసా అయిపోయిందని వచ్చింది.

అదుగో, సిస్టర్ ట్రే పట్టుకుని వచ్చేసింది. పదకొండున్నర. ముందు వరస వాళ్ళు ఒక్కొక్కరే రండి, ఎడమ చెయ్యి చాపండి. రక్తం ఇచ్చాక ఇలా వరండాలోంచి కాదు, అటు పెరటి తలుపు తీసి ఉంది, ఆవరణలోంచి వెళ్ళండి. అత్తయ్యగారూ, మీరూ వెళ్ళండి. నీడ ఎంతుందో చూసి వచ్చి నాకు చెప్పండి.